రూజ్‌వెల్ట్ గారి బి.పి. – మన బి.పి.



మా అబ్బాయి బి.పి. మిషన్ కొని తెచ్చిన రోజున నాకు అమెరికా అధ్యక్షులు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ గుర్తుకు వచ్చారు. మిషన్ చేతికి అందినా మందు అందని మనిషి ఆయన.

1882లో జన్మించిన ఆయనకు 39వ ఏట కాళ్లు చచ్చుబడ్డాయి. పోలియో అన్నారు వైద్యులు. అయినా దిగులుపడి ఇంట కూర్చోలేదు. 1932 మొదలు నాలుగుసార్లు అధ్యక్షులుగా ఎన్నికై, ఆర్థిక మాంద్యాన్ని, ప్రపంచ యుద్ధాన్ని ఎదుర్కొన్నారు.

లోలోపల మాత్రం రక్తపోటు పెరుగుతూనే ఉంది. 1944 మార్చిలో హోవార్డ్ బ్రూయెన్ అనే గుండె వైద్యుడు చూసేసరికి 186/108. ఆ తరువాత ఆ డాక్టరు ప్రయాణాలలో సైతం వెంట ఉండి బి.పి. చూస్తూ వచ్చారు. ఉప్పు తగ్గించారు. కాని బి.పి.ని అదుపులో ఉంచే మంచి మాత్రలు అప్పటికి లేవు. 1945 ఏప్రిల్ 12న తీవ్రమైన తలనొప్పితో కూలిపోయారు. అప్పుడు బి.పి. 300/190. మెదడులో రక్తస్రావమై 63వ ఏట కన్నుమూశారు.

నా సంగతి తిరగబడింది. మాత్రలున్నాయి, ఒంట్లో బాగానే ఉంది కదా అని రెండు నెలలు మానేశాను. ఇంటి మిషన్‌లో మొదటిరోజే 170/100! వెంటనే డాక్టరు వద్దకు పరుగెత్తాను.

ఇప్పుడు ఉదయం కాఫీకి, మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం ఐదు నిమిషాలు కదలక కూర్చుని, నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి డైరీలో రాస్తున్నాను. ఇంట్లో సగటు 135/85 దాటితే ఆ డైరీ డాక్టరుకు చూపించాలి.

ట్రెజరీకి ఏటా లైఫ్ సర్టిఫికేట్ ఇస్తున్నాం. మన ఇంటివారికి మనం ఇవ్వవలసిన సర్టిఫికేట్ ఈ డైరీయేనని నా మనవి.