ఏ.టి.పి. పాఠంలో యల్లాప్రగడ సుబ్బారావు

ఈ బడిలోనే చదివి, ఇక్కడే జీవశాస్త్రం చెప్పాను. ఏ.టి.పి. పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ముందు యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు రాసేవాణ్ని. ఈ సంచికకూ ఆయన గురించే రాస్తున్నాను.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. (బడి సంచికలో ఈ మాట అచ్చుకావాలని నా కోరిక!) మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకున్నందుకు శస్త్రచికిత్స ప్రొఫెసరుకు కోపం వచ్చింది, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. ఆ రోజుల్లోనే స్ప్రూ జబ్బుతో అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తరిగి మనిషి కృశించిపోయే జబ్బు అది.

భార్య శేషగిరిగారిని ఇక్కడే ఉంచి, మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో 1923లో బోస్టన్ వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు.

హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ కొలతే దారి చూపింది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. దొరికాయి. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది ఏ.టి.పి.ని చూశాడు.

ఇది పిల్లలకు ఎలా చెప్పేవాణ్నంటే: గడ్డిలో మాగేసిన చిన్నరసాల మధ్య చెయ్యి పెట్టండి, వెచ్చగా తగులుతుంది. కాయ ఊపిరి తీస్తోంది. లోపల పిండిపదార్థం చక్కెరవుతోంది, కొంత చక్కెర ఖర్చయి ఏ.టి.పి. తయారవుతోంది, మిగిలిన శక్తి వేడిగా పోతోంది. మన కండరానికీ ఏ.టి.పి.యే కావాలి. కానీ దాని నిల్వ కొద్ది క్షణాలకే సరి. పరుగు అందుకోగానే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటునిచ్చి, ఖర్చయిన ఏ.టి.పి.ని మళ్లీ నిలబెడుతుంది. కూర్చుని సేదతీరేటప్పుడు ఆ అప్పు తీరుతుంది. మామిడికాయ ఉదాహరణతో మన పిల్లలకు ఇది ఇట్టే అర్థమయ్యేది.

ఇంత చేసినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆకుకూరలు దాన్ని సొంతంగా చేసుకుంటాయి, మన ఒళ్లు చేసుకోలేదు. అది లేకపోతే మజ్జలో కొత్త రక్తకణాలు సరిగా పుట్టవు. స్ప్రూ రోగులకు ఆ మందు పనిచేసింది, అన్నదమ్ములు పోయిన ఎన్నో ఏళ్లకు. అదే పోలికలో చేసిన ఎమినోప్టెరిన్ ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడి కణవిభజనను ఆపుతుంది. దాన్ని సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇస్తే కొందరు కొంతకాలం తేరుకున్నారు. ఆ జబ్బు మందుకు లొంగడం అదే మొదలు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, అమెరికాలోనే నిద్రలో కన్నుమూశారు. అంతకు ముందు ఏడాదే ఆయన బృందం ఫైలేరియాకు మందు తెచ్చింది. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. బిళ్ల అదే.