రాక్స్‌బర్గ్ – సోమిద వృక్షం

పద్దెనిమిదవ శతాబ్దంలో చలిజ్వరం పేరు వింటేనే జనం భయపడేవారు. నాడు దానికి తెలిసిన గొప్ప ఔషధం దక్షిణ అమెరికాలోని సింకోనా బెరడు. సముద్రాలు దాటి వచ్చే ఆ బెరడుకు వెల ఎక్కువ. కల్తీ కూడ ఎక్కువే. దానికి బదులుగా ఈ దేశపు చెట్టేదైనా పనికివస్తుందా అని అన్వేషించిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్.

ఆయన 1751లో స్కాట్లాండులో జన్మించాడు. ఎడిన్‌బరోలో జాన్ హోప్ వద్ద వృక్షశాస్త్రం అభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు చేరాడు. 1781 నుండి సామర్లకోట ఆయనకు కార్యక్షేత్రమైంది. అక్కడ మిరియాల తోట పెంచాడు. శ్రమించి కూర్చిన వృక్ష సేకరణ ఒకసారి వరద పాలైనా నిరాశ చెందక మళ్లీ ప్రారంభించాడు.

రాజమహేంద్రవరం సర్కారు కొండలలో పెరిగే ఒక మహావృక్షం ఆయన దృష్టిని ఆకర్షించింది. తెలుగువారు దానిని సోమిద అనేవారు. వారికది కొత్త చెట్టు కాదు; శాస్త్రంలోనే దానికి చోటు లేదు. చోటు కల్పించడమంటే తోచిన పేరు తగిలించడం కాదు. ఆకుల అమరిక, పూరేకులు, కేసరాలు, కాయ పగిలే తీరు అన్నీ పరిశీలించి, అంతవరకు గ్రంథస్థమైన మొక్కలన్నింటి కంటె అది భిన్నమని నిరూపించాలి. ఆకుపచ్చ ఛాయగల చిన్న తెల్లని పూలు, ఐదు పలకలుగా విచ్చే గట్టి కాయ, రెక్కల గింజలు గమనించి, అది అమెరికా మహాగని ప్రజాతికి చెందిన కొత్త జాతి అని ఆయన నిర్ణయించాడు. స్వీటీనియా ఫెబ్రిఫ్యూగా అని పేరుంచాడు. రెండవ పదానికి జ్వరాన్ని పారద్రోలేది అని అర్థం. చేదైన దాని బెరడుపై ప్రయోగాలు చేసి, సింకోనాతో పోల్చి, 1793లో ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. అయితే సింకోనా స్థానాన్ని సోమిద పొందలేకపోయింది.

అదే సంవత్సరం ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాడు. ఆయన భారతీయ చిత్రకారులచేత గీయించి పంపిన బొమ్మలలో 300 ఏరి, కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 మొదలు 1820 వరకు లండనులో ముద్రించారు. సోమిద చిత్రం మొదటి సంపుటంలోనే ఉంది. గీసిన వారి పేర్లు మాత్రం ఆ గ్రంథానికి ఎక్కలేదు.

రాక్స్‌బర్గ్ 1815లో మరణించాడు. మహాగని గింజకు రెక్క ఒక కొసనే ఉంటుంది. సోమిద గింజకు రెండు కొసలా ఉంటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆడ్రియన్ ద జుసియూ 1830లో ఈ వృక్షాన్ని వేరొక ప్రజాతిగా స్థాపించి, తెలుగు పేరునే గ్రహించి సోయ్‌మిడా అన్నాడు. రాక్స్‌బర్గ్ ఉంచిన ఫెబ్రిఫ్యూగా అనే పదం దాని వెంట నిలిచింది. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే.