కాథరిన్ బర్ బ్లాడ్జెట్

కాథరిన్ బర్ బ్లాడ్జెట్ (జనవరి 10, 1898 - అక్టోబరు 12, 1979) అమెరికాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త. కాంతిని దాదాపు పరావర్తనం చేయని గాజును 1938లో రూపొందించి ప్రసిద్ధి పొందారు.

బాల్యము, విద్య

ఈమె న్యూయార్క్ రాష్ట్రములోని షెనెక్టడీలో జన్మించారు. తండ్రి జార్జ్ బ్లాడ్జెట్ జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పేటెంట్ల న్యాయవాది. ఈమె పుట్టుటకు కొద్ది వారాల ముందు, ఇంట్లో చొరబడిన దొంగ కాల్పులలో ఆయన మరణించారు. 1917లో బ్రిన్ మార్ కళాశాలలో పట్టభద్రురాలై, 1918లో షికాగో విశ్వవిద్యాలయములో మాస్టర్స్ పట్టా పొందారు. అనంతరం తండ్రి పనిచేసిన సంస్థ పరిశోధనశాలలోనే ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్‌కు సహాయకురాలిగా చేరారు. అక్కడ నియమితురాలైన తొలి మహిళా శాస్త్రవేత్త ఈమెయే. 1926లో కేంబ్రిడ్జి నుండి భౌతికశాస్త్రములో పిహెచ్.డి. పొందిన తొలి మహిళ కూడా ఈమెయే.

పరావర్తనం లేని గాజు

మామూలు గాజు పలక ఒక్కొక్క తలము తనపై పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని వెనుకకు పంపుతుంది. ఒక్క కిటికీ అద్దానికి ఇది లెక్కలోనిది కాదు గాని, అనేక కటకాలున్న కెమెరాలో నష్టం పెద్దది.

నీటిపై ఒకే అణువు మందముతో పరచుకొనే కొవ్వు ఆమ్లపు పొరలను లాంగ్‌మ్యూర్ అంతకు ముందే అధ్యయనం చేశారు. ఆ నీటిలో గాజు పలకను ముంచి తీస్తూ, పొర మీద పొర ఎక్కించవచ్చునని బ్లాడ్జెట్ 1930లలో చూపారు. ఇట్లు 44 పొరలు చేరేసరికి మందము కాంతి తరంగదైర్ఘ్యములో సుమారు నాలుగవ వంతు అవుతుంది. అప్పుడు పొర పైతలము, అడుగుతలముల నుండి వెనుకకు మరలిన తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. అయితే మందము సరిపోతే చాలదు. పొర వక్రీభవన గుణకము కూడా గాజు కంటే తక్కువగా ఉండాలి. అందుకు ఈమె పొరలోని ఆమ్లభాగాన్ని బెంజీన్‌లో కరిగించివేశారు. మిగిలిన సూక్ష్మరంధ్రాలలో గాలి చేరి గుణకము తగ్గింది. ఈమె పనిలో అత్యంత చతురమైన మెట్టు ఇదే.

ఆ పొర మెత్తనిది, తుడిస్తే ఊడిపోయేది. అందువలన శూన్యములో ఆవిరిచేసి పూసే మెగ్నీషియం ఫ్లోరైడ్ వంటి గట్టి పూతలే తరువాత కటకాలపై స్థిరపడ్డాయి. పొరలు పేర్చే పద్ధతి మాత్రం లాంగ్‌మ్యూర్-బ్లాడ్జెట్ పద్ధతిగా నిలిచింది.

తరువాతి కాలము

1951లో గార్వన్ పతకము అందుకొన్నారు. 1963లో పదవీ విరమణ చేశారు. తోటపని, నాటకాలు ఈమెకు ఇష్టము.

రంధ్రాలలోని గాలితో గుణకమును తగ్గించే ఉపాయము నేటి పూతలలోనూ ఉంది. 2007లో పరిశోధకులు ట్యూనికేట్లు అనే సముద్రజీవుల నుండి తీసిన సెల్యులోజు నానోతంతువులను పొరలుగా పేర్చి ఇటువంటి పూతనే ప్రకటించారు. గద్వాల ప్రాంతపు చేలలో పండే పత్తిలోనూ ప్రధాన పదార్థము ఈ సెల్యులోజే.