ఎరిక్ అవర్‌బాఖ్

ఎరిక్ అవర్‌బాఖ్ (నవంబర్ 9, 1892 - అక్టోబర్ 13, 1957) జర్మనీకి చెందిన సాహిత్య విమర్శకుడు, రొమాన్సు భాషల పండితుడు. హెబ్రూ బైబిలు కథల నిరాడంబరమైన కథనంలో దాగిన లోతును చూపిన వ్యాసంతో ఇతడు ప్రసిద్ధి చెందాడు. ఆ వ్యాసం "మిమెసిస్" గ్రంథంలో మొదటి అధ్యాయం.

జీవితం

ఇతడు బెర్లిన్‌లో యూదు కుటుంబంలో జన్మించాడు. మొదట న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొందాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పోరాడి గాయపడ్డాడు. తరువాత సాహిత్యం వైపు మళ్ళి 1921లో రెండవ డాక్టరేటు సంపాదించాడు. కొంతకాలం గ్రంథాలయంలో పనిచేసి, 1929లో డాంటేపై గ్రంథం ప్రచురించాడు. ఆపై మార్బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. యూదుడైన కారణంగా 1935లో నాజీ ప్రభుత్వం ఇతడిని పదవి నుండి తొలగించింది. 1936లో ఇస్తాంబుల్ చేరి 1947 వరకు అక్కడే బోధించాడు. తరువాత అమెరికా వెళ్ళి, 1950 నుండి యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు.

మిమెసిస్

ఈ గ్రంథాన్ని 1942-45 మధ్య ఇస్తాంబుల్‌లో రచించాడు. 1946లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో ఇది ప్రచురితమైంది. తగిన గ్రంథాలయం అందుబాటులో లేనందున ఇందులో అధోజ్ఞాపికలు దాదాపు లేవు. ఆ కొరత లేకుంటే బహుశా పుస్తకమే వెలువడేది కాదని రచయిత భావించాడు.

మొదటి అధ్యాయంలో రెండు కథలను పోల్చాడు. హోమర్ "ఒడిస్సీ"లో ముసలి దాది ఒడిస్సియస్ కాళ్ళు కడుగుతూ మచ్చను గుర్తుపడుతుంది. వెంటనే కథ ఆగి, ఆ గాయం తగిలిన పందివేట అంతా వివరంగా వస్తుంది. అక్కడ చీకటిలో మిగిలేది ఏదీ లేదు. ఆదికాండము 22వ అధ్యాయంలో అబ్రాహాము కుమారుని బలి ఇవ్వడానికి బయలుదేరుతాడు. దేవుడు ఎక్కడి నుండి పలికాడో, తండ్రి మనసులో ఏముందో, మూడు దినాల దారి ఎలా ఉందో చెప్పలేదు. తండ్రీకొడుకుల మధ్య జరిగేది ఒక్క చిన్న సంభాషణ. గొర్రెపిల్ల ఏదని బాలుడు అడుగుతాడు. తండ్రి దానికి పూర్తి సమాధానం ఇవ్వడు. ఈ మౌనం చేతకానితనం కాదనీ, పాఠకుణ్ణి ఆలోచించమని బలవంతపెట్టే బరువు అందులోనే ఉందనీ అవర్‌బాఖ్ వాదన. శ్రీనాథుని "హరవిలాసం"లోని సిరియాళుని కథ చదివినవారికి ఈ తేడా సులభంగా బోధపడుతుంది. అక్కడా కుమారుని బలే, కాని కావ్యంలో వర్ణనకు, సంభాషణకు చోటు దండిగా ఉంది.

పాత నిబంధనను క్రైస్తవ జీవితం నుండి తొలగించాలని జర్మనీలో కొన్ని వర్గాలు కోరిన కొద్ది ఏళ్ళకే ఈ అధ్యాయం వ్రాయబడింది. చరిత్రకూ పురాణానికీ ఉన్న భేదం వివరిస్తూ, నాజీల ఆవిర్భావాన్ని అందులోనే ఉదాహరణగా పేర్కొన్నాడు.

హోమర్‌ను మరీ తేలిక చేశాడన్న విమర్శ ఉంది, అది కొంత నిజమే. అయినా బైబిలు కథన కళపై 1981లో రాబర్ట్ ఆల్టర్ ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథం ఈ అధ్యాయానికి ఎంతో రుణపడి ఉంది.