కానూరి లక్ష్మణరావు

కానూరి లక్ష్మణరావు (జూలై 15, 1902 - మే 18, 1986) ప్రముఖ ఇంజనీరు, కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రి. కె.ఎల్.రావుగా సుప్రసిద్ధుడు. నాగార్జునసాగర్ ఆనకట్ట రూపకర్తలలో ముఖ్యుడు. నదీజలాలను ఎత్తిపోయడానికి అయ్యే విద్యుత్ వ్యయం ఆయన అతి పెద్ద ప్రతిపాదనకు అడ్డంకి అయింది. రాయలసీమలో ఆ సమస్య నేటికీ ఉంది.

బాల్యం, విద్య

కృష్ణా జిల్లా కంకిపాడులో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించాడు. తండ్రి గ్రామ కరణం. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రిని కోల్పోయాడు. పాఠశాలలో ఆడుకుంటుండగా గాయమై ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు మానలేదు. మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1939లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. కొంతకాలం రంగూన్‌లో ఆచార్యుడిగా పనిచేసాడు.

నాగార్జునసాగర్

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఈ ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతికట్టడంగా నిర్మించారు. స్థానికంగా దొరికే రాయి, వేలాది కూలీల శ్రమ వినియోగమై, విదేశీ యంత్రాల ఖర్చు తగ్గింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. తరువాత నెలకొల్పిన ప్రధాన విద్యుత్కేంద్రంలోని 8 యూనిట్లలో 7 యూనిట్లు నీటిని తిరిగి పైకి తోడగల రకానివి. ఇటువంటి కేంద్రాలలో మిగులు విద్యుత్తుతో నీటిని ఎగువకు పంపి, అవసరమైనపుడు దానితోనే విద్యుత్తు తీస్తారు. 100 యూనిట్లు ఖర్చుచేస్తే సుమారు 75 నుండి 80 యూనిట్లు తిరిగి వస్తాయి. అదే విద్యుత్తుతో హైడ్రోజన్ తయారుచేసి, ఫ్యూయల్ సెల్ ద్వారా తిరిగి పొందితే సాధారణంగా 30 నుండి 40 యూనిట్లే లభిస్తాయి.

మంత్రిగా

1962లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1963లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. అదే ఏడాది జూలై 20న కేంద్రమంత్రి అయ్యాడు. జల, థర్మల్ కేంద్రాలను కలిపి నడిపితే విద్యుత్తు చౌక అవుతుంది. ఇందుకు వీలుగా 1964లో దేశంలో ఐదు ప్రాంతీయ విద్యుత్ మండళ్ళు ఏర్పడ్డాయి. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది.

గంగా-కావేరీ ప్రతిపాదన

1972లో ఆయన 2,640 కిలోమీటర్ల అనుసంధాన కాలువను ప్రతిపాదించాడు. పాట్నా సమీపంనుండి ఏడాదికి 150 రోజులపాటు 60,000 క్యూసెక్కుల గంగ వరదనీటిని దక్షిణానికి మళ్ళించాలని ఆయన ఆలోచన. నీటిని ఎత్తిపోయడానికి 5,000 నుండి 7,000 మెగావాట్ల విద్యుత్తు కావాలి. వ్యయాన్ని తక్కువగా అంచనా వేశారని కేంద్ర జలసంఘం భావించడంతో పథకం ముందుకు సాగలేదు.

రాయలసీమలో ఇదే లెక్క

హంద్రీ-నీవా పథకం శ్రీశైలం జలాశయపు కృష్ణానీటిని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు చేర్చడానికి ఉద్దేశించినది. మదనపల్లె ఆ జలాశయపు పూర్తి నీటిమట్టంకన్నా 400 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఒక ఘనపు మీటరు నీటిని 400 మీటర్లు ఎత్తడానికి, నష్టాలేమీ లేకపోయినా, దాదాపు 1.1 యూనిట్లు కావాలి. పంపుల సామర్థ్యం 80 శాతమైతే 1.4 యూనిట్లు, అంటే ఒక టి.ఎం.సి.కి సుమారు 4 కోట్ల యూనిట్లు. కరువుసీమ రైతుకు నీరు దక్కడం వానతోపాటు ఈ విద్యుత్ వ్యయంపై కూడా ఆధారపడి ఉంది.

మరణం, స్మృతి

1986 మే 18న మరణించాడు. కృష్ణానదిపై పులిచింతల ప్రాజెక్టుకు కె.ఎల్.రావు సాగర్ అని పేరుపెట్టారు.