మామకు బదులు దెబ్బలు తిన్న అల్లుడు

నవంబరు 24వ తేదీన దివ్యబలి పూజలో పునీత అంద్రెయ డుంగ్ లాక్ గురువును, ఆయన సహచరులను స్మరించుకుంటాము. సహచరులు అని ఒక్క మాటలో అనేస్తాము గాని, వారితో కలిపి మొత్తం 117 మంది వేదసాక్షులు. వారిలో సగం మంది గురువులూ కారు, మేత్రాణులూ కారు. పొలం దున్నినవారు, మందులిచ్చినవారు, పిల్లల్ని పెంచినవారు. ఆ సంసారుల్లో ఒకరు మికాయేలు గుయెన్ హుయ్ మి. ఆయన కథ చెప్పాలంటే ఆయన మామగారు అంతోని దిక్ కథ కూడా చెప్పక తప్పదు.

ఉత్తర వియత్నాంలో నామ్ దిన్ ప్రాంతాన విన్ త్రి అనే ఊరుంది. అంతోని ఆ ఊరి రైతు. వరి పండించుకుంటూ ఉన్నంతలో బాగా బ్రతికిన కుటుంబం. మికాయేలు 1804లో పుట్టి, చిన్ననాటే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. వైద్యం నేర్చుకుని, అంతోనిగారి కుమార్తె మరియను పెండ్లాడారు. అమ్మానాన్నల ముద్దు ఎరుగని ఆ మనిషికి ఇల్లు నిండా పిల్లలు కలిగారు. ఊరివారు ఆయననే గ్రామ పెద్దగా పెట్టుకున్నారు.

1833లో మిన్ మాంగ్ రాజు క్రైస్తవ మతాన్ని నిషేధించాడు. గుళ్ళు పడగొట్టించాడు. విశ్వాసం విడిచిపెట్టామనడానికి గుర్తుగా సిలువను కాలితో త్రొక్కాలన్నాడు. గురువులు ఇల్లిల్లూ మారుతూ, రాత్రిళ్ళు నడుస్తూ తలదాచుకున్నారు. గురువుకు చోటిచ్చినవాడికీ శిక్ష తప్పదు. అది తెలిసే అంతోనిగారు తన ఇంట్లో యాకోబు దో మాయ్ నామ్ గురువుకు ఆశ్రయమిచ్చారు. గ్రామ పెద్దగా అల్లుడికి ఈ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

1838లో సైనికులు ఊరిని చుట్టుముట్టారు. గురువును, ఇల్లిచ్చిన మామను, గ్రామ పెద్ద అయిన అల్లుడిని, ముగ్గురినీ పట్టుకుని నామ్ దిన్ చెరసాలకు తరలించారు. అక్కడి పాలనాధికారి త్రిన్ క్వాంగ్ ఖాన్ కాఠిన్యానికి పేరుమోసినవాడు. విచారణకు పిలిచినప్పుడల్లా కొరడా దెబ్బలే. అంతోనిగారికి అప్పటికి సుమారు 69 ఏళ్ళు. ఆ వృద్ధుడి ఒళ్ళు ఆ దెబ్బలకు తాళదని అల్లుడికి తెలుసు. అందుకని తన వంతు దెబ్బలు తిన్న తరువాత, మామగారి వంతు కూడా తనకే వేయమని మికాయేలు అడిగి మరీ తిన్నారు. కన్నతండ్రి చిన్నప్పుడే పోయిన మనిషి మామగారినే తండ్రిగా చూసుకున్నారని నాకు అనిపిస్తుంది.

దెబ్బలకు లొంగని మనిషిని పాలనాధికారి పిల్లల పేరు చెప్పి లొంగదీయాలని చూశాడు. భార్య గతేమిటి, పసివాళ్ళ గతేమిటి అని అడిగాడు. ఇది చదివే తండ్రులకు కూడా ఈ ప్రశ్న రాకమానదు. ఒక్క అడుగు సిలువ మీద వేస్తే ఇంటికి పోవచ్చు, పిల్లలు అనాథలు కారు. అనాథ బ్రతుకంటే ఏమిటో మికాయేలుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయన మనస్సు ఎంత నలిగిందో మనం ఊహించుకోవలసిందే.

అప్పుడు ఆయనకు బలమిచ్చింది ఆ పిల్లలే. పదకొండేళ్ళ కూతురు ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, కాపలావారిని దాటుకుని చెరసాలలో ఉన్న తండ్రి దగ్గరకు వెళ్ళిందనీ, ప్రభువు కోసం ధైర్యంగా ఉండమని చెప్పిందనీ అంటారు. తొమ్మిదేళ్ళ కొడుకు ఇంటి నుండి కబురు పంపాడట, నాన్న సిలువను త్రొక్కవద్దని. భార్య మరియ కూడా ఆయన్ను వెనక్కి లాగలేదు. వీళ్ళకు ఇంట్లో సాయంకాల ప్రార్థన నేర్పింది ఎవరు? ఆ తల్లీ తండ్రే గదా!

ఆగస్టు 12న ముగ్గురినీ బాయ్ మావ్ అనే చోటికి తీసుకుపోయి శిరచ్ఛేదం చేశారు. డబ్బిస్తే ఒక్క వేటుతో బాధ లేకుండా ముగిస్తానని తలారి మికాయేలును అడిగాడట. నూరు వేట్లు వేసినా సరే, నీకివ్వడానికి ఏమీ లేదని ఆయన బదులిచ్చారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయస్సు 34.

1900లో పదమూడవ లియో పోపుగారు ఈ ముగ్గురినీ ధన్యజీవులుగా ప్రకటించారు. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు ఉత్తరాది నుండి లక్షలాది కతోలికులు కట్టుబట్టలతో దక్షిణానికి తరలిపోయారు. 1975 తరువాత ఎంతోమంది పడవలెక్కి సముద్రం మీద పడ్డారు. ఒకనాడు పారిపోయి వచ్చిన గురువుకు తలుపు తీసిన జనానికి, పరాయివాళ్ళ తలుపులు తట్టే రోజు వచ్చింది.

1988 జూన్ 19న రోములో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆ 117 మందికీ పునీత పట్టమిచ్చారు. వియత్నాం ప్రభుత్వం ప్రతినిధిని పంపలేదు. కాని ఆ శరణార్థులు అనేక దేశాల నుండి వేల సంఖ్యలో వచ్చారు, చాలామంది పిల్లాపాపలతో.