జాన్ బన్యన్ : చదివినవాడు, వ్రాసినవాడు

(ధ్యానమునకు: 2 తిమోతి 4:13)



చెరసాలలోనున్న పౌలు భక్తుడు తిమోతికి వ్రాయుచు, చలికి అంగీతోబాటు తన పుస్తకములను సహితము తెప్పించుకొన గోరెను. మనమో, ఇంట పుస్తకములు లేవనియు, మనకు చదువు చాలదనియు చెప్పుకొందుము. అట్టి మనకొరకే ఈ నెల జాన్ బన్యన్ జీవితమును జ్ఞాపకము చేసికొందము.

బన్యన్ 1628వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో బెడ్‌ఫర్డ్ పట్టణము దగ్గరనున్న ఎల్‌స్టో గ్రామమున జన్మించెను. తండ్రి చిల్లులు పడిన గిన్నెలకు మాట్లు వేసి బ్రదుకువాడు. కుమారుడును ఆ పనియే నేర్చి, బడిలో నేర్చిన కొద్దిపాటి చదువును మరచిపోయెను. వివాహమైననాడు ఆ దంపతుల యింట గిన్నెయు చెంచాయు సహితము లేకుండెను. భక్తిపరుడైన తండ్రి మరణించుచు ఇచ్చిన రెండు పుస్తకములే భార్య తెచ్చిన ఆస్తి. ఒకటి ఆర్థర్ డెంట్, మరియొకటి లూయిస్ బెయ్‌లీ వ్రాసినవి. వాటిని ఆలుమగలు కలిసి చదువుకొనిరి. అక్కడనే అతని హృదయము కదలనారంభించెను.

అయినను సమాధానము వెంటనే కలుగలేదు. తనవంటి పాపికి క్షమాపణ లేదేమోనను భయము అతనిని బహుకాలము వేధించెను. ఆ దినములలో గలతీ పత్రికపై మార్టిన్ లూథర్ వ్రాసిన వ్యాఖ్యానము అతని చేతికి వచ్చెను. ఆకు త్రిప్పినచో ఊడివచ్చునంత పాత ప్రతి అది. నూరేండ్లకు ముందున్న మనుష్యుడు తన గుండెలోని గాయమును ఎరిగినట్లు వ్రాయుట చూచి అతడు ఆశ్చర్యపడెను. బైబిలు తరువాత అంతకంటె మేలైన గ్రంథము తనకు లేదని ఎంచెను.

పిమ్మట అతడు సువార్త ప్రకటింపసాగెను. అనుమతి లేని కూటములలో బోధించెనని 1660లో అతనిని బెడ్‌ఫర్డ్ చెరసాలలో వేసిరి. బోధ మానెదనని మాటయిచ్చినచో విడిచిపెట్టెదమనిరి. ఇంటివద్ద రెండవ భార్య ఎలిజబెత్తు, మొదటి భార్య పిల్లలు నలుగురు ఉండిరి. వారిలో పెద్దదియగు మేరీ చూపులేని బిడ్డ. ఆమెను తలంచినప్పుడెల్ల తండ్రి గుండె చీలిపోయెడిది. అయినను అతడు ఆ మాట ఇయ్యలేదు. నాడాలు తయారుచేసి వారిని పోషించుచు సుమారు 12 ఏండ్లు చెరలో గడపెను.

అక్కడ అతడు కలము పట్టెను. తన మారుమనస్సు చరిత్రను 1666లో ప్రచురించెను. యాత్రికుని ప్రయాణము మొదటి భాగము 1678లో వెలువడెను. దానిని అచ్చువేయుమని కొందరు స్నేహితులును, వద్దని కొందరును చెప్పిరి. ఇరువురి మాటలు విని, చదువరులే తీర్పు తీర్చనిమ్మని అతడు అచ్చునకిచ్చెను. నిరాశ అను రాక్షసుని కోటలో చిక్కిన యాత్రికుడు వాగ్దానమను తాళపుచెవితో బయటపడుట అందులో చదువుదుము. ఆ కోట రచయితకు తెలియనిది కాదు. తాను పడిన గుంటనే, తాను నడిచిన దారినే అతడు పల్లెవారికి తెలిసిన మాటలలో వ్రాసెను. అందుచేతనే అది తెలుగుతో సహా 200కు పైగా భాషలలోనికి వెళ్లెను.

1688లో ఒక తండ్రికిని కుమారునికిని సమాధానము చేసి, వానలో తడియుచు గుఱ్ఱముమీద లండను చేరిన బన్యన్, జ్వరముపాలై ఆగస్టు 31న ప్రభువునందు నిద్రించెను.

మా బల్లపై సగము చదివి మూసిన పుస్తకములు అనేకము కలవని మేమును ఒప్పుకొనుచున్నాము. బన్యన్‌కు ఉన్నవి కొద్దియే, కాని అతడు వాటిని గుండెలోనికి చదివెను. కాబట్టి ఈ నెల ప్రతి కుటుంబమును ఒక్క పుస్తకమును తుదివరకు చదువుదము. చదువరాని పెద్దలకు పిల్లలు చదివి వినిపింతురు గాక. సాక్ష్యమో, కీర్తనయో వ్రాయగోరువారు గొప్ప మాటలకై వెదకక, దేవుడు తమను ఏ గుంటనుండి లేవనెత్తెనో దానినే వ్రాయుదురు గాక. మనకు తెలియని ఏ గృహములోనో నిరాశలోనున్న ఒకడు దాని కొరకు కనిపెట్టుచుండవచ్చును.